పులుసుకు ముందు, వేపుడుతో: ప్రియొరాట్ రెడ్ వైన్‌ను మన భోజనంలో వడ్డించే పద్ధతి

ఇంట్లో స్పెయిన్ నుంచి వచ్చిన ప్రియొరాట్ రెడ్ వైన్ సీసా ఉంటే ముందు దాన్ని షోకేసులోంచి దించండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన సీసాను హాల్లో అందరికీ కనబడేలా పెట్టడం మన ఇళ్లలో అలవాటు. విస్కీకి దాని వల్ల ముప్పు లేదు. వైన్ మాత్రం ఒంగోలు ఎండకు రెండు మూడు నెలల్లోనే చెడిపోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఇళ్లలో మూసి ఉన్న గది ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ఆ వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, సందులోంచి గాలి లోపలికి పోతుంది, పండు వాసన పోయి ఉడికిన జామ్ వాసన వస్తుంది. ఏసీ రోజంతా నడిచే గది లేకపోతే ఫ్రిజ్ అడుగు అరలో పడుకోబెట్టండి. అతి చల్లదనం వల్ల కొన్ని నెలల్లో దానికి జరిగే నష్టం ఏమీ ఉండదు. రోహిణి కార్తె వేడి మాత్రం నష్టమే.

మాది మార్కాపురం. తాతల నాటి నుంచి పలకల వ్యాపారం. ఒకప్పుడు బడి పిల్లల పలకలు, తరవాత నేలకూ గోడలకూ వేసే టైల్స్. ఆ వ్యాపారం మీదే స్పెయిన్ వెళ్లి వస్తుండేవాణ్ని. పైకప్పు మీద పరిచే పలకరాయిలో ప్రపంచంలో స్పెయిన్‌దే మొదటి స్థానం, ముఖ్యంగా వాయవ్యాన గలీసియా ప్రాంతానిది. ఒక పర్యాయం పని ముగిశాక అక్కడి వ్యాపారి ఒకాయన నన్ను దేశానికి మరో చివర ఉన్న కతలోనియాకు, తన అత్తవారి ఊరికి తీసుకువెళ్లాడు. బార్సిలోనాకు నైరుతి దిక్కున, తర్రగోనా దాటి కొండల్లోకి పోతే ప్రియొరాట్ వస్తుంది. ఆ కొండవాలు మీద పొరలు పొరలుగా విరిగిపడి ఉన్న నల్లని రాతిని చేతిలోకి తీసుకున్నాను. మా క్వారీ గట్టు మీద నిలబడ్డట్టే ఉంది. దాన్ని వాళ్లు లికొరెల్యా అంటారు. పలకరాయే, మధ్యలో అభ్రకం మెరుపు. ద్రాక్ష తీగ ఆ రాతి చీలికల్లోకి వేళ్లు దించి నీళ్లు వెతుక్కుంటుంది.

రాతి రుచి వైన్‌లోకి వస్తుందని చాలామంది చెబుతారు. రాయితో బతికినవాడిగా నేను ఆ మాట ఒప్పుకోను. రాయి కరిగి ద్రాక్షలోకి పోదు. రాయి చేసే పని వేరు. అందులో సారం తక్కువ, నీరు నిలవదు. అందుకని తీగ కొద్దిపాటి గుత్తులే కాస్తుంది, పండు చిన్నదిగా ఉండి రసం చిక్కగా వస్తుంది. పగలంతా ఎండకు కాగిన రాయి పంటను బాగా పండిస్తుంది, చక్కెర పెరుగుతుంది, ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. ప్రియొరాట్ సీసా మీద 14.5 శాతం, 15 శాతం అని కనిపించేది ఇందుకే.

ఈ వైన్ ఒక రకం ద్రాక్షతో చేసేది కాదు, మిశ్రమం. ముఖ్యమైనవి రెండు: గర్నాచా, కరిన్యేనా. గర్నాచా తొక్క పలచన, పండు వాసన, తియ్యదనం తలపించే గుణం, ఆల్కహాల్ ఎక్కువ. కరిన్యేనాది ముదురు రంగు, పులుపు, వగరు. ఒకటి లేకపోతే రెండోది వెలితిగా ఉంటుంది. వీటికి కొందరు సిరా, కబర్నే సోవిన్యోఁ, మెర్లో వంటి ఫ్రాన్సు రకాలు కలుపుతారు. తరవాత ఓక్ పీపాల్లో ఏడాది, ఏడాదిన్నర ఉంచుతారు.

దీని చరిత్ర కొంచెం తెలిస్తే సీసా మీద ఉన్న మాటలు అర్థమవుతాయి. 12వ శతాబ్దం చివర, 1194లో, ఫ్రాన్సులోని ప్రొవాన్స్ నుంచి వచ్చిన కార్తూసియన్ సన్యాసులు ఇక్కడ స్కాలా దేయి మఠం కట్టి ద్రాక్ష సాగు నేర్పారు. 19వ శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే వేరు పురుగు తోటలను తుడిచిపెట్టింది. జనం ఊళ్లు వదిలి వెళ్లారు. మళ్లీ ప్రాణం వచ్చింది 1980ల చివరలో. రెనె బార్బియే, అల్వారో పలాసియోస్, జోసెప్ లూయీస్ పేరెస్, డాఫ్నీ గ్లోరియన్, కార్లెస్ పస్త్రానా అనే వాళ్లు చేరి 1989 పంటతో ఒకే వైన్ కలిసి చేసి, ఐదు వేరువేరు పేర్లతో సీసాల్లో పోశారు. అప్పటిదాకా పట్టించుకోని ముసలి తీగలకు ఒక్కసారిగా విలువ వచ్చింది. స్పెయిన్‌లో వైన్‌కు ఇచ్చే అత్యున్నత హోదా ఉన్న ప్రాంతాలు రెండే. రియోహాకు ఆ గుర్తింపు 1991లో వచ్చింది, రెండోది ప్రియొరాట్. ప్రియొరాట్ సీసా మీద పేరు పక్కన డీ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు ఉంటే ఆ హోదా ఉన్నట్టు.

కొనేటప్పుడు

ప్రియొరాట్ ఖరీదైనది. నిటారు వాలు మీద యంత్రాలు నడవవు, తీగకు కాసేదీ కొంచెమే, కాబట్టి ధర తగ్గే అవకాశం తక్కువ. మొదటిసారి రుచి చూసేవాళ్లు దాని చుట్టూ ఉంగరంలా ఉన్న మొన్‌సాన్ ప్రాంతపు సీసా తీసుకోండి. అవే ద్రాక్షలు, ధర తక్కువ, వగరు కొంచెం మెత్తన. అదీ దొరక్కపోతే ఈశాన్య స్పెయిన్‌లోనే ఉన్న కాంపో దె బోర్హా గర్నాచా మంచిది. రియోహా కూడా మిశ్రమమే, కానీ అందులో ముఖ్యం తెంప్రనీయో అనే ద్రాక్ష. దాని స్వభావం వేరు, నెమ్మదైనది. సీసా మీద క్రియాన్సా అని ఉంటే కనీసం రెండేళ్లు నిలవ చేసి అమ్మినది, రెసెర్వా అయితే మూడేళ్లు, గ్రాన్ రెసెర్వా అయితే ఐదేళ్లు. ప్రియొరాట్‌లో ఈ మాటలు అంతగా కనబడవు. అక్కడ పంట సంవత్సరం, చేసినవాళ్ల పేరు చూడాలి.

ఒంగోలులో, నెల్లూరులో స్పెయిన్ వైన్ దొరకడం అరుదు. మాకు వచ్చేవన్నీ బంధువుల సంచుల్లోనే. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తేగలిగేది 2 లీటర్లు. వైన్ సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలకు అడ్డు లేదు, మూడోది పరిమితి దాటుతుంది. సీసాలను చేతి సంచిలో పెట్టనివ్వరు, పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టమనండి. చెన్నై పక్కనే ఉంది కదా అని అక్కడ కొని కారులో నెల్లూరు తేవాలనుకునే వాళ్లు ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోవాలి. పక్క రాష్ట్రం మద్యం తెచ్చుకోవడం మీద ఆంక్షలు ఉంటాయి, తడ చెక్‌పోస్టు దగ్గర వాదించి లాభం లేదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు, ఇంట్లోనూ అదే నియమం పెట్టుకోండి.

చల్లదనం, బిరడా, మడ్డి

రెడ్ వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ గది యూరప్‌లోని రాతి ఇంటి గది. మన గదిలో 34 డిగ్రీలు ఉంటే 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ ముక్కుకు స్పిరిట్ వాసన కొడుతుంది, గొంతు మండుతుంది, పండు వాసన కనబడదు. ఈ వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. బయట ఉన్న సీసా అయితే ఎండాకాలంలో గంటా పావు, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచండి. సంక్రాంతి రోజుల్లో ముప్పావు గంట చాలు. తొందరగా కావాలంటే స్టీలు బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడదాకా ముంచితే పావుగంటలో పని అవుతుంది. ఉత్త ఐసు ముక్కలు పోస్తే అంత త్వరగా చల్లబడదు, నీళ్లు తప్పనిసరి. నెలల తరబడి ఫ్రిజ్‌లోనే ఉన్న సీసా అయితే దీనికి తిరగబడిన లెక్క: వడ్డించే ముందు అరగంట బయట పెట్టాలి. చేత్తో పట్టుకుంటే బావి నీటి చల్లదనం తెలియాలి, వేళ్లు జివ్వుమనకూడదు.

గ్లాసులో ఐసు వేయకండి. నీళ్లు కలిసి చిక్కదనం పోతుంది, అది పోయాక ఈ వైన్‌కు ఇంత ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. గ్లాసులో తక్కువ తక్కువగా పోసి సీసాను మళ్లీ బకెట్‌లో పెట్టడమే మన ఎండకు తగిన మార్గం.

కొన్నేళ్లు నిలవ ఉన్న సీసా అడుగున మడ్డి చేరుతుంది. అది చెడు కాదు, రంగు, వగరు గడ్డకట్టి పేరుకున్నదే. ముందు రోజు సీసాను నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. బిరడా తీయడానికి మెలికలు తిరిగిన స్క్రూ కావాలి. చాకుతో పొడవడం, మేకు దిగ్గొట్టడం వద్దు, బిరడా పొడి అంతా లోపల పడుతుంది. తీశాక వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడాకు బూజు పట్టి వైన్ పాడైందని అర్థం. గాలి తగిలినా అది బాగుపడదు.

పాడు కాకపోతే గాలి తగలనివ్వాలి. ప్రియొరాట్ తెరిచిన వెంటనే బిగుసుకుని ఉంటుంది. ఒక జగ్గులోకి వంచి ముప్పావు గంట పక్కన పెడితే వగరు సర్దుకుని నల్ల రేగు, నేరేడు, ఎండిన అత్తిపండు వంటి వాసనలు బయటికి వస్తాయి. గాజు జగ్గు మేలు. లేకపోతే శుభ్రంగా కడిగిన స్టీలు జగ్గు వాడండి, వైన్ తయారీలోనే స్టీలు తొట్టెలు వాడతారు కాబట్టి దోషం లేదు. ఇత్తడి, రాగి పాత్రలు మాత్రం వద్దు, వైన్‌లోని పులుపు లోహాన్ని లాగుతుంది. చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టని ఇల్లాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. జగ్గును కూడా ఐసు నీళ్లలో నిలబెట్టుకోవచ్చు. తాగడానికి గాజు గ్లాసే కావాలి, అంచు పలచగా, కడుపు వెడల్పుగా ఉన్నది. మూడో వంతు మించి పోయవద్దు.

చేపల పులుసు పక్కన ఎందుకు పెట్టకూడదు

మా అక్కను నెల్లూరు మూలాపేటలో ఇచ్చారు. ఆమె చేసే కొరమీను పులుసు తినడానికే నేను నెల్లూరు వెళతాను. పచ్చి మామిడికాయ ముక్కలు, చిక్కటి చింతపండు రసం, వేయించిన మెంతుల పొడి, ముందు రోజు రాత్రి చేసి మర్నాడు తినాలి. స్పెయిన్ నుంచి తెచ్చిన సీసాతో మొదటిసారి వెళ్లినప్పుడు అక్క ఒక గుక్క తాగి, ఒక ముద్ద తిని, గ్లాసు దూరంగా జరిపింది. "ఇది నా పులుసు పక్కన పెట్టకురా, దేని రుచి దానికి పోతోంది" అంది. వైన్ గురించి పుస్తకాలు రాసినవాళ్లు చెప్పేదానికీ ఆమె మాటకూ తేడా లేదు.

కారణాలు నాలుగు, నాలుగూ ఆ ఒక్క గిన్నెలోనే ఉన్నాయి. కారం: మిరపకాయ మంటను పుట్టించే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది, కాబట్టి 15 శాతం వైన్ తాగితే నోరు చల్లబడడానికి బదులు ఇంకా మండుతుంది. పులుపు: కూరలోని పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ చప్పబడి నీరసంగా తోస్తుంది. మెంతి చేదు వైన్ వగరుతో కలిసి నాలుక మీద గరుకుగా నిలిచిపోతుంది. నాలుగోది చేప. రెడ్ వైన్‌తో చేప తింటే కొన్నిసార్లు నీచు వాసన రెట్టింపవుతుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది. చాలాకాలం దీన్ని వగరు తప్పుగానే అనుకున్నారు. 2009లో జపాన్ పరిశోధకులు అసలు కారణం వైన్‌లో ఉండే ఇనుమని చూపించారు. ఇనుము చేప నూనెతో కలిసి ఆ వాసనను పుట్టిస్తుంది.

కాబట్టి నెల్లూరు చేపల పులుసుతో ప్రియొరాట్ పెట్టకండి. పులుసులో కారం తగ్గించి, చింతపండు తగ్గించి, వైన్‌కు తగ్గట్టు మార్చండి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు. వందల ఏళ్లుగా కుదిరిన వంటను ఒక సీసా కోసం చెడగొట్టడం అన్యాయం. పులుసు తినే రోజు పులుసే తినండి. రొయ్యల ఇగురుకు, చేపల వేపుడుకు వైన్ కావాలంటే అదే స్పెయిన్‌లో గలీసియా తీరాన చేసే తెల్లని అల్బరీన్యో ఉంది. అది పులుపుగా, తేలికగా ఉంటుంది, అక్కడి వాళ్లు చేపలతో, గుల్లలతో తాగేది దాన్నే. ఇదే లెక్క గోంగూర మాంసానికీ, ఆవకాయకూ, మిరపకాయ బజ్జీకీ వర్తిస్తుంది. విస్కీలోకి మనవాళ్లు నంజుకునే ఎర్రని కారపు వేపుళ్లు కూడా ఈ వైన్‌కు పనికిరావు.

పనికివచ్చేది పొట్టేలు మాంసం

ప్రియొరాట్ కొండల్లో ఈ వైన్‌తో ఎక్కువగా పెట్టేది కాల్చిన గొర్రెపిల్ల మాంసం. గొర్రె విషయంలో మనం ఎవరికీ తీసిపోము. నెల్లూరు జాతి గొర్రె దేశంలోకెల్లా పొడుగైనది. తెల్లనివి పల్ల, తెలుపు మీద నల్లని మచ్చలున్నవి జోడిపి, గోధుమ రంగువి దొర. దాని మాంసంలో కొవ్వు తక్కువ, రుచి గట్టిది. వైన్‌లోని వగరు మాంసకృత్తులనూ కొవ్వునూ పట్టుకుంటుంది. ఉత్తిగా తాగితే నోరు ఎండగట్టే వైన్ మాంసం ముక్కతో మెత్తగా మారడం వెనక ఉన్న సంగతి ఇదే. అందుకే కొవ్వు ఉన్న ముక్కలు ఏరుకోవాలి. కసాయి దగ్గర పక్కటెముకలు, భుజం అడగండి, ఎముకతో పాటు కొట్టించండి. మూలుగ ఎముకలు నాలుగు వేయమనండి. వేపుడులో మూలుగ పీల్చి ఒక గుక్క ప్రియొరాట్ తాగి చూస్తే ఈ వైన్ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

మా ఇంట్లో చేసే పద్ధతి రాస్తున్నాను. ఎముకతో కిలో మాంసానికి రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు, సరిపడా ఉప్పు పట్టించి గంట ఉంచండి. కుక్కర్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి నాలుగు కూతలు రానివ్వండి. ముదురు మాంసమైతే ఆరు. నీళ్లు పారబోయకండి, వేరే గిన్నెలోకి వంచుకోండి. ఈలోపు మసాలా: రెండు చెంచాల మిరియాలు, మూడు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క ముక్క దోరగా వేయించి బరకగా దంచుకోండి. మెత్తటి పొడి చేస్తే మిరియం వాసన త్వరగా ఎగిరిపోతుంది.

ఇనుప మూకుడులో నాలుగు గరిటెల వేరుశనగ నూనె కాగాక రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగినవి వేసి, బాగా ఎర్రబడేదాకా వేయించండి. ఈ ఎర్రదనం దగ్గర తొందరపడకూడదు. పీపాలో ఉన్న వైన్‌కు వచ్చే కాల్చిన చెక్క వాసనకూ, మాడకుండా ఎర్రబడిన ఉల్లికీ మంచి పొత్తు. రెండు రెమ్మల కరివేపాకు, రెండే రెండు ఎండుమిరపకాయలు తుంచి వేయండి. కారప్పొడి వేయవద్దు, వేసి తీరాలనుకుంటే అర చెంచా. ఉడికిన మాంసం వేసి మధ్యస్థ మంట మీద తిప్పుతూ, వంచుకున్న రసాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ ఇగరబెట్టండి. అరగంట పడుతుంది. రసం అంతా ముక్కకు పట్టి నూనె తేలాక దంచిన మసాలా, రెండు చెంచాల ఎండుకొబ్బరి తురుము వేసి ఐదు నిమిషాలు వేయించి దించండి. నిమ్మరసం పిండవద్దు. టమాటా వద్దు. ఉప్పు మాత్రం చప్పగా ఉండకూడదు, ఉప్పు వైన్ వగరును తగ్గిస్తుంది.

మా మార్కాపురం వైపు దీన్ని జొన్నరొట్టెతో తింటాం. రొట్టెకు పులుపు, కారం ఏవీ ఉండవు కాబట్టి అన్నం కన్నా అదే వైన్‌కు బాగా కుదురుతుంది. సజ్జ రొట్టె అయినా సరే.

నాటుకోడిని కూడా ఇదే మసాలాతో చేయవచ్చు, ఉడికే సమయం తగ్గించాలి. కానీ అది ప్రియొరాట్ కన్నా మొన్‌సాన్‌కు సరిపోతుంది, కోడి మాంసం మీద చిక్కటి వైన్ పెత్తనం చేస్తుంది. మటన్ దమ్ బిర్యానీ బాగుంటుంది, పక్కన సాలన్ లేకుండా. కాలేయం వేపుడు గర్నాచాతో చాలా బాగుంటుంది. తలకాయ కూర ఇగురుగా, మిరియాలతో చేస్తే సరే, పులుసుగా చేస్తే వద్దు.

మాంసం తినని వాళ్లకు

కతలోనియాలో వంకాయను, క్యాప్సికమ్‌ను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, చీలికలు చేసి ఆలివ్ నూనె పోసుకుని తింటారు. దాని పేరు ఎస్కలివాడా. నాకు అది మొదటి ముద్దలోనే సొంత వంటలా తోచింది. మనం చింతపండు వేసి కాల్చిన వంకాయ పచ్చడి చేస్తాం, వాళ్లు పులుపు లేకుండా వదిలేస్తారు. వైన్ కోసం మనమూ చింతపండు మానేసి, వెల్లుల్లి, వేయించిన నువ్వుల పొడి, ఉప్పు, పచ్చి వేరుశనగ నూనె కలిపితే చాలు. కాలిన వాసనే అందులో ముఖ్యం, కాబట్టి గ్యాస్ మీద కన్నా బొగ్గుల మీద కాల్చండి.

గుత్తి వంకాయ కూర ఈ వైన్‌కు దగ్గరి చుట్టం. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి కూరడం వల్ల నూనె, చిక్కదనం ఉంటాయి. చింతపండు నిమ్మకాయంత బదులు ఉసిరికాయంత వేయండి, బెల్లం వేయకండి. కూరలో తీపి ఉంటే తీపి లేని ఈ వైన్ చేదుగా తోస్తుంది. కతలోనియా వాళ్లకూ పప్పులు నూరే అలవాటుంది. బాదం, వెల్లుల్లి, ఎండిన తియ్యటి మిరప కలిపి నూరిన రొమెస్కో అనే పచ్చడిని కాల్చిన ఉల్లికాడలతో తింటారు. పుట్టగొడుగులు వండితే ఉప్పు కొంచెం ముందుకు ఉండనివ్వండి, లేకపోతే వగరు పెరిగినట్టు ఉంటుంది.

ఏమీ వండే ఓపిక లేని రోజున ఉప్పు వేసి నేతిలో వేయించిన వేటపాలెం జీడిపప్పు చాలు. వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, మా తరానికి మాత్రం అది ప్రకాశం జీడిపప్పే.

వడ్డించే వరుస

నేను ఇంత రాసింది ఈ ఒక్క సంగతి కోసం. స్పెయిన్‌లో భోజనం ఒకదాని తరవాత ఒకటిగా వస్తుంది, ఒక పళ్లెం తీసేశాకే ఇంకోటి పెడతారు. మన విస్తరిలో పప్పు, పచ్చడి, వేపుడు, పులుసు, పెరుగు ఒకేసారి ఎదురుగా ఉంటాయి. ఏ ముద్దకు ఏది కలుపుకుంటామో మనకే తెలియదు. అంత గొప్ప విస్తరి పక్కన ఏ వైన్ పెట్టినా నలిగిపోతుంది. అందుకని వైన్‌కు ఒక వేళ, విస్తరికి ఒక వేళ కేటాయించండి.

మా ఇంట్లో ఆదివారం పన్నెండింటికి వేపుడు, జొన్నరొట్టె, జీడిపప్పు, కాల్చిన వంకాయ బల్ల మీద పెడతాం. అప్పుడే వైన్ పోస్తాం. ఆ ముప్పావు గంట మాటలు, తిండి, వైన్. తరవాత గ్లాసులు తీసేస్తాం. అందరూ మంచినీళ్లు తాగి కాసేపు కూర్చుంటారు. ఒంటిగంటన్నరకు విస్తరి వేస్తాం, అప్పుడు ఎన్ని రకాల పులుపు, కారం వచ్చినా గొడవ లేదు. అక్క వచ్చిన రోజు విస్తరిలో ఆమె పులుసు ఉంటుంది, ఆ సమయానికి సీసా కనబడదు. ఈ వరుస పాటించడం మొదలుపెట్టాక మా బావగారు కూడా వేపుడుతో ఒక గ్లాసు అడుగుతున్నారు. పెద్దవాళ్లు ఎదుట తాగడం ఇష్టపడని ఇల్లయితే వాళ్లు భోజనానికి కూర్చునే ముందే ఈ విడత ముగించవచ్చు. ఎవరినీ "ఒక్క గుక్క" అని బలవంతపెట్టకండి.

చివర మిఠాయితో మాత్రం వైన్ ఇవ్వకండి. నెల్లూరు మలై కాజా కొరికి ఈ వైన్ తాగితే వైన్ పులిసిన కషాయంలా ఉంటుంది. కాజాకు కాఫీ ఉంది.

ఎంత పోయాలన్నది కూడా తెలిసి ఉండాలి. సీసాకు 125 మిల్లీలీటర్ల చొప్పున ఆరు గ్లాసులు వస్తాయి. 15 శాతం వైన్ ఒక గ్లాసులో ఉండే ఆల్కహాల్, 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. ద్రాక్షరసమే కదా అని రెండు మూడు గ్లాసులు దించేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. తాగినవాళ్లు బండి తీయకూడదు. మందులు వాడేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు.

మిగిలితే

సగం సీసా మిగిలితే బిరడా తిరిగి బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. పడుకోబెడితే వైన్ గాలికి ఎక్కువగా తగులుతుంది. రెండు మూడు రోజులు బాగుంటుంది. ప్రియొరాట్ కొన్నిసార్లు రెండో రోజే మెత్తగా, ఇంకా బాగా ఉంటుంది. నాలుగో రోజుకు పదును పోతే పారబోయకుండా కీమా ఇగురులో వాడండి: కీమా వేగి నీరు ఇగిరాక ఒక చిన్న గ్లాసు వైన్ పోసి, మూత పెట్టకుండా, సారా వాసన పూర్తిగా పోయేదాకా మరిగించాలి. మసాలా ఆ తరవాతే వేయాలి. పులుపు వైన్ నుంచే వస్తుంది కాబట్టి టమాటా అవసరం ఉండదు.